గుమ్మానికి సాల్ పూలు

కృపావతి మామిడికాయ పప్పులో వెల్లుల్లి తాలింపు వేసి మూత పెట్టింది. తెనాలి నుంచి ఎవరో వస్తుంటే వాళ్ళ చేత తమ్ముడు పంపిన కాయలవి, ఆ ఏటి తొలికాపు. ఢిల్లీ కాయకి ఆ పులుపు రాదని పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పటి నుంచీ ఆమె అంటూనే ఉంది. ఆర్.కె. పురంలో వాళ్ళున్న ప్రభుత్వ క్వార్టర్ మెట్ల దాకా ఆ వాసన పాకింది. భర్త యేసురత్నం అప్పటికే తయారై పేపరు చూస్తున్నాడు. కొడుకు రాజీవ్ సాక్సులు వెతుక్కుంటున్నాడు. కోడలు అనిమా బ్యాంకుకు వెళ్ళే హడావిడిలో జడ వేసుకుంటోంది. అందరి డబ్బాలూ సర్దుతుంటే రాజీవ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, అనిమా డబ్బాలో పప్పు పెట్టొద్దన్నాడు.

"ఏం, విషం కలిపానా?" అంది కృపావతి, చేతిలో గరిటె ఆపకుండానే.

కోడలు జడ సగంలో వదిలేసి వచ్చింది. పెళ్ళయిన ఏడాదిన్నరలో తెలుగు బాగానే పట్టుకుంది కానీ, కంగారు పడితే హిందీ కలిసిపోతుంది. "అట్లా కాదు మమ్మీ. రేపు సర్హుల్ హై నా. అప్పటిదాకా కొత్త కాయ ఏదీ తినం. రేపు సాయంత్రం వచ్చి తింటాను, పక్కా."

ఐదో నెల నడుస్తోంది అనిమాకి. కడుపుతో ఉన్న ఆడది పుల్లమామిడి కోసం అర్రులు చాస్తుంది గానీ వద్దంటుందా? రెండు వారాలుగా ఇదే వరస. మొన్న మునగపువ్వు వేపుడు చేస్తే ముట్టలేదు. నిన్న కొత్త మామిడి పచ్చడి జాడీ ఆమె వైపు జరిపితే తిరిగి ఇటే జరిపింది. తన చేతి వంటకి వంక పెట్టడానికే ఈ పిల్ల పండగ పేరు చెబుతోందని కృపావతికి గట్టి నమ్మకం.

అనిమాది జార్ఖండ్‌లో గుమ్లా దగ్గర పల్లె, ఉరావ్ తెగ. తాతల కాలంలోనే క్రైస్తవులయ్యారు. ఆదివారం చర్చికి వెళతారు, ఈస్టరూ క్రిస్మసూ చేస్తారు. వాటితో పాటు చైత్రంలో సాల్ చెట్లు, అంటే మన గుగ్గిలం చెట్లు, పూసినప్పుడు సర్హుల్ కూడా చేసుకుంటారు. నేలకి కృతజ్ఞత చెప్పి, వానలు బాగా కురవాలని కోరి, ఆ తర్వాతే కొత్త కాయా కొత్త ఆకూ నోట పెడతారు. ఢిల్లీ చేరిన వాళ్ళు కూడా మానలేదు. పెళ్ళికి ముందు రాజీవ్ ఇదంతా చెప్పాడు. క్రైస్తవులే కదా, కోడలయ్యాక మన దారికి వస్తుందిలే అనుకున్నారు కృపావతీ యేసురత్నమూ.

యేసురత్నం పేపరు మడిచాడు. ఈస్టరు తర్వాత తెలుగు క్రైస్తవ సంఘం ఎన్నికల్లో ఆయన కార్యదర్శి పదవికి నిలబడుతున్నాడు. "అమ్మాయ్, ఇవి ఈస్టరుకి ముందు శ్రమదినాలు. సంఘమంతా ఉపవాసాల్లో ఉంటే మా ఇంటి కోడలు డోళ్ళ ముందు ఆడుతుందా? చెట్టుకి మొక్కుతుందా? మా తాత బాప్తిస్మం పుచ్చుకున్నది మళ్ళీ ఇలాంటివి చూడ్డానికి కాదు" అన్నాడు.

"చెట్టుకి మొక్కం పాపాజీ. లెంట్ కాబట్టి ఒక్క డోలు చాలని మా ఫాదర్ కూడా చెప్పారు" అంది అనిమా.

"ఒక్క డోలైతే పాపం కాదా?" అని కృపావతి అందుకుంది. అనిమా ఉత్త అన్నం, పెరుగు పెట్టుకుని డబ్బా మూసి వెళ్ళిపోయింది. రాజీవ్ తల్లి వైపు ఒకసారి చూసి ఆమె వెనకే దిగాడు.

ఆ సాయంత్రం స్త్రీల ఉపవాస కూడిక కృపావతి ఇంట్లోనే. లెంట్‌లో శుక్రవారానికి ఒక ఇంట్లో జరుగుతుంది. ఈసారి కావాలనే తమ ఇంటికి రప్పించుకుంది ఆమె. స్త్రీల సమాజం అధ్యక్షురాలు మాణిక్యాంబతో పది రోజుల కిందటే తన గోడు చెప్పుకుంది. మా కోడలు చెట్లకి మొక్కుతోందమ్మా, కడుపులో బిడ్డ ఉంది, నాకు భయంగా ఉంది అంది. చూసి చెప్పిన మాట కాదది. అయినా చెప్పింది. మాణిక్యాంబ ఆమె చేయి నొక్కి, ఏం దిగులు పడకు కృపా, మనందరం కలిసి ప్రార్థన చేద్దాం, వదిలిపోతుంది అంది. ఏం వదిలిపోతుందో ఇద్దరూ పేరు పెట్టి చెప్పుకోలేదు.

కూడిక మొదలయ్యే ముందు అనిమా బ్యాంకు నుంచి వచ్చింది. తడి గుడ్డలో చుట్టిన పూలగుత్తి తెచ్చింది. రాంచీ రైల్లో వచ్చాయట, వాళ్ళ సంఘం వాళ్ళు పంచారట. చిన్న చిన్న తెల్లటి పూలు, కాస్త నలిగి పాలరంగులో ఉన్నాయి. ఆమె కుర్చీ వేసుకుని వీధి గుమ్మానికి ఒక రెమ్మ కట్టింది. దిగి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కాసేపు దాన్ని చూసుకుని, మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

మెట్ల మీద మాణిక్యాంబ గొంతు వినపడగానే కృపావతి ఆ రెమ్మను పీకి పారేసింది. కట్టిన దారం వెంటనే తెగలేదు. చేత్తో లాగితే పూలు రాలి చాప మీద పడ్డాయి. వాటిని కూడా ఊడ్చి చెత్తబుట్టలో వేసి వెనక్కి తిరిగేసరికి తువ్వాలుతో అనిమా ఎదురుగా నిలబడి ఉంది. బుట్టలోకి చూసింది, అత్తగారి మొహంలోకి చూసింది.

పాటలయ్యాయి. వాక్యం చదివారు. ఆ తర్వాత మాణిక్యాంబ, కోడలు పిల్లను మధ్యలో కూర్చోబెట్టండి అంది. అనిమా వచ్చి కూర్చుంది. పెద్దవాళ్ళు బిడ్డ కోసం ప్రార్థిస్తారని అనుకుంది కాబోలు, కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. మాణిక్యాంబ ఆమె నడినెత్తిన చేయి పెట్టింది. ఇంకొకరు భుజం మీద, ఇంకొకరు వెన్ను మీద. ప్రార్థన మెల్లగా మొదలై గొంతులు పెరుగుతూ పోయింది. ఈ గర్భాన్ని పట్టిన అడవి ఆత్మ, చెట్ల ఆత్మ విడిచిపోవాలని మాణిక్యాంబ అరుస్తోంది. అరుస్తూ తలను కిందికి నొక్కుతోంది. అనిమా లేవబోతే భుజాల మీది చేతులు లేవనివ్వలేదు.

కృపావతి టీ పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ చేతుల మధ్య నుంచి కోడలు తల తిప్పి సూటిగా తన వైపే చూసింది. కృపావతి కప్పులకేసి చూసుకుంది.

అనిమా ఏదో గొణగడం మొదలుపెట్టింది. తెలుగు కాదు, హిందీ కూడా కాదు. అందులో 'ధర్మేస్, ధర్మేస్' అన్న మాట మళ్ళీ మళ్ళీ వినిపించింది. అదిగో పేరు చెబుతోంది, దయ్యం దానికదే పేరు చెబుతోంది అని ఎవరో అన్నారు. గొంతులు ఇంకా లేచాయి. అప్పుడు అనిమా ఒక్క విదిలింపుతో చేతులన్నీ తోసేసి లేచి నిలబడింది. జడ విడిపోయింది.

"నా బిడ్డలో దయ్యం లేదు. నన్ను ముట్టుకోవద్దు. ఎవరూ ముట్టుకోవద్దు."

రాజీవ్ ఇంటికొచ్చేసరికి ఆమె బట్టలు సర్దుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. జరిగింది విని రాజీవ్ మొహం పాలిపోయింది. యేసురత్నం ఆలోగా వచ్చాడు. పెద్దవాళ్ళు ప్రార్థన చేస్తే తోసిపారేస్తుందా, ఆదివారం సంఘం ముందు నిలబడి క్షమాపణ చెప్పి, ఈ చెట్ల పండగ మానేశానని ఒప్పుకుంటేనే ఈ ఇంట్లో ఉండాలి అన్నాడు. రాజీవ్ పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. తండ్రిని దాటుకుని వెళ్ళాడు. తల్లి దగ్గర మాత్రం ఆగాడు.

"నువ్వు అక్కడే ఉన్నావటగా అమ్మా."

మునిర్కాలో అనిమా మేనత్త ఉంటుంది, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అక్కడికి వెళ్ళారిద్దరూ.

మర్నాడు పొద్దున్నే మాణిక్యాంబ ఫోన్ చేసింది. మొత్తం సంఘానికి తలవంపులవుతుందని వాపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుందనీ, పాస్టరు అయ్యగారు ఆధారం లేకుండా ఎవరి మీదా మాట అననివ్వరనీ చెప్పింది. "నువ్వెళ్ళి ఫోనులో వీడియో తియ్యి. ఆ పిల్ల నేలకి వంగి మొక్కేది ఒక్కటి చాలు. నువ్వు ఎట్లాగూ అత్తగారివి, నిన్నెవరూ ఆపరు." చివర్లో గొంతు తగ్గించి, "అయినా కృపా, ఈ ఊళ్ళో గిన్నెలు తోమడానికి వచ్చే జనం వాళ్ళు. ఆ అడవి మందని ఇంటికి తెచ్చుకుంటే ఎట్లా ఉంటుంది మరి" అంది.

కృపావతి ఆ మాటకి ఊఁ కొట్టింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట చెవిలో నిలిచిపోయింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ కూలికి వెళ్ళే ఇంట్లో, పెరట్లో దోసిలి పట్టి మంచినీళ్ళు తాగుతుంటే అరుగు మీది ఆడవాళ్ళు ఇంచుమించు ఇదే మాట అనేవాళ్ళు. చెవిలోంచి దాన్ని దులుపుకుని ఆటో ఎక్కింది. ఆమె వెళుతున్నది కోడలిని పట్టివ్వడానికి. ఆ సంగతి ఆమెకు తెలుసు.

అనిమా వాళ్ళ చర్చి వెనక మైదానంలో జనం బాగానే ఉన్నారు. ఆడవాళ్ళంతా ఎర్రంచు తెల్లచీరల్లో, జుట్టులో సాల్ పూలతో. ఒకాయన మెడలో పొడవాటి డోలు వేలాడుతోంది. కృపావతి గేటు దాటుతుండగా ఒక పెద్దావిడ ఇత్తడి పళ్ళెంతో ఎదురొచ్చింది. మీరెవరు అని అడగలేదు. జోహార్ అని వాళ్ళ పద్ధతిలో నమస్కారం చెప్పింది. కృపావతి చేతులు రెండూ పళ్ళెం మీదికి లాక్కుని, చెంబుతో నీళ్ళు పోసి, వేళ్ళ మధ్య కూడా రుద్ది కడిగి తన తువ్వాలుతో తుడిచింది. వచ్చిన వాళ్ళందరికీ అలాగే చేస్తున్నారు. ఆ చేతుల్తోనే కృపావతి సంచిలోంచి ఫోన్ తీసి వీడియో నొక్కింది.

తెల్ల అంగీ వేసుకున్న ఫాదర్ హిందీలో కీర్తన చదివాడు, భూమియు దాని సంపూర్ణతయు యెహోవావే అన్న కీర్తన. కృపావతికి అది కంఠస్థం. హిందీలో వింటుంటే పెదవులు తెలియకుండానే తెలుగులో కదిలాయి. తర్వాత ఒక ముసలామె మట్టికుండతో ముందుకొచ్చింది. నీళ్ళు నేలమీద కొద్దికొద్దిగా పోస్తూ మాట్లాడింది. ప్రభువా, నువ్విచ్చిన ఈ నేలని ఏడాది పొడుగునా తవ్వాం, తొక్కాం, నరికాం, కాల్చాం. అవసరానికి మించి తీసుకున్నది ఉంటే క్షమించు. ఈ ఏడు వాన పంపు. అందరితో పాటు చీమకీ పిట్టకీ కూడా ఉంచి తినే బుద్ధినివ్వు. అంతే ఆ ప్రార్థన. జనమంతా ఆమెన్ అన్నారు.

ఒక్కో ఇంటివాళ్ళు చేట పట్టుకుని వచ్చారు. చేటల్లో చిన్న చిన్న మామిడి పిందెలు, మునగకాయలు, లేత ఆకుకూరలు, ఇప్పపూలు. అనిమా చేటలో మామిడికాయలు చూసి కృపావతి ఒకడుగు ముందుకు వేసింది. నూనెలా నిగనిగలాడే ఆ కాయలు వేరే ఎక్కడివీ కావు, తెనాలివే. రాజీవ్ నిన్న వెళుతూ వంటింట్లోంచి తీసుకెళ్ళి ఉంటాడు. అనిమా చేట నేల మీద పెట్టి, కడుపు అడ్డం వస్తుంటే మోకాళ్ళ మీద కూర్చుని, వంగి నుదురు నేలకి ఆనించింది. మాణిక్యాంబ అడిగింది సరిగ్గా ఇదే. ఫోన్‌లో పడింది.

కానీ కృపావతి కళ్ళ ముందు వేరే మనిషి కదిలింది. తమ ఊరి చిన్న చర్చిలో కోతపండుగ నాడు, కూలికిచ్చిన వరిపనల్లోంచి ఏరి కట్టుకున్న వరికంకుల గుత్తి బల్ల ముందు పెట్టి, ఇలాగే నుదురు నేలకి ఆనించే వాళ్ళమ్మ. పాదు మీది తొలి చిక్కుడుకాయ తుంపి నోట్లో వేసుకుందని ఒకసారి అమ్మ కృపావతి చెంప పగలగొట్టింది. మొదటిది దేవుడికి చూపించకుండా ఎలా తిన్నావే అని తర్వాత తనే ఏడ్చింది. ఆ చెంపదెబ్బని కృపావతి ఇన్నేళ్ళు మర్చిపోయింది. ఢిల్లీ వచ్చాక కాయలూ కూరలూ మార్కెట్లో కిలోల్లెక్కన కొంది గానీ, మొదటిది ఎవరికీ చూపించలేదు.

అనిమా లేచి చూసింది. జనం మధ్య నిలబడ్డ అత్తగారు, చేతిలో ఎత్తి పట్టుకున్న ఫోన్. ఆమె మొహం గట్టిపడింది. పక్కనున్న రాజీవ్ ఆపబోయినా ఆగకుండా నేరుగా వచ్చింది.

"మాణిక్యాంబ ఆంటీ పంపారా?"

కృపావతి తలూపింది. ఆ క్షణంలో అబద్ధం ఏదీ దొరకలేదు.

"తీసుకోండి మమ్మీ. కానీ పూర్తిగా తీయండి. మొదటి నుంచి చివరిదాకా. నేను వంగింది ఒక్కటే చూపిస్తారు మీ వాళ్ళు, నాకు తెలుసు."

వెనక్కి వెళ్ళి తన వరసలో నిలబడింది. ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులు వేసుకుని ఆడవాళ్ళు మెల్లగా కదలసాగారు. ఆ ఒక్క డోలే మోగింది. కృపావతి ఫోన్ దించలేదు. చివరిదాకా తీసింది. వెళ్ళబోతుంటే నీళ్ళు పోసిన ముసలామె దగ్గర ఆగి, ధర్మేస్ అంటే ఎవరని హిందీలో అడిగింది. ముసలామె ఇంత తెలియదా అన్నట్టు చూసింది. "దేవుడమ్మా. మా కురుఖ్ భాష బైబిల్‌లో దేవుడికి అదే మాట."

ఆ రాత్రి యేసురత్నం వీడియో చూపించమన్నాడు. రేపు అందరితో పాటు చూడొచ్చు అంది కృపావతి.

తెలుగు సంఘం ఆరాధన ఒక స్కూలు హాల్లో జరుగుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ పక్క తరగతి గదిలో కూర్చుంది. పాస్టరు గారు, నలుగురు పెద్దలు, మాణిక్యాంబ. కిటికీ పక్క కుర్చీలో యేసురత్నం. రాజీవ్‌ని కూడా పిలిచారు. అనిమా రాలేదు. సంగతి మాణిక్యాంబే చెప్పింది. ఆ అమ్మాయి దయ్యం పేరు తలుచుకుందనీ, పెద్దవాళ్ళను తోసేసిందనీ, బహిరంగంగా ఒప్పుకోకపోతే రాజీవ్ సభ్యత్వం ఆపాలనీ, కోడల్ని అదుపులో పెట్టలేని ఇంటికి కార్యదర్శి పదవి ఎలా ఇస్తామనీ అంది. చివరి మాటకి యేసురత్నం మెడ వంగిపోయింది. సాక్షి ఉంది, సొంత అత్తగారే అని ఆమె కృపావతి వైపు చేయి చాపింది. ఫోన్ ఇవ్వు, ఆ నేలకి మొక్కిన చోటు నేను తీసి చూపిస్తాను అంది.

కృపావతి ఫోన్ ఇవ్వలేదు. బల్ల మీద నిలబెట్టి మొదటి నుంచి పెట్టింది, చప్పుడు పెంచి.

ఇంతసేపు ఎవరు చూస్తారని ఒక పెద్దాయన విసుక్కున్నాడు. పాస్టరు గారు చేయెత్తి ఆపాడు. కీర్తన వచ్చినప్పుడు ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. కుండ నీళ్ళ ప్రార్థన హిందీలో నడుస్తుంటే గదిలో ఎవరూ కదల్లేదు. అనిమా వంగగానే మాణిక్యాంబ, అదిగో అంది.

"అది మా తెనాలి మామిడికాయ ముందు వంగింది" అంది కృపావతి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తొలికాయ దేవుడికి చూపించేదాకా తినకూడదని రెండు వారాలు నోరు కట్టుకుంది, కడుపుతో ఉండి కూడా. మన కోతపండుగకి బల్ల మీద మనం పెట్టేదేమిటి మరి? మా అమ్మ వరికంకులు పెట్టి ఇట్లాగే వంగేది. అప్పట్లో ఎవరూ ఆమెలో దయ్యం ఉందనలేదు."

"ఆ పేరు సంగతేంటి? ధర్మేస్ అని పిలిచిందే, నలుగురం విన్నాం."

"వాళ్ళ బైబిల్లో దేవుడి పేరది. దేవుడు అన్న మాట మనకు మాత్రం మిషనరీలు పడవలో తెచ్చారా? అంతకుముందు నుంచీ ఉన్నదేగా మన నోట. మీరందరూ ఆ పిల్ల తల నొక్కుతుంటే అది దేవుణ్ణి పిలుచుకుంది. మనం ఇంకా గట్టిగా అరిచాం."

మాణిక్యాంబ మొహం ఎర్రబడింది. చెట్టుకి మొక్కుతోందని చెప్పింది నువ్వే కదా అని నిలదీసింది. కృపావతి ఆమె వైపు తిరిగింది.

"చెప్పాను. చూడకుండా చెప్పాను. నేను వండింది తినట్లేదన్న కోపంతో చెప్పాను. నేనిప్పుడు సాక్ష్యం చెప్పాల్సి వస్తే నా మీదే చెప్పాలి."

పాస్టరు గారు వెంటనే తీర్పేమీ చెప్పలేదు. ఆయన అలాంటి మనిషి కాదు. నేల మీద నీళ్ళు పోయడం లాంటివి తనకు పూర్తిగా మింగుడు పడవని ఒప్పుకున్నాడు. కానీ గర్భిణి తల మీద బలవంతంగా చేతులు పెట్టడం ప్రార్థన కాదని, ఇకమీదట ఈ సంఘంలో ఎవరికీ అలా జరగకూడదని అన్నాడు. రాజీవ్ సభ్యత్వం మాట తీసేశాడు. మాణిక్యాంబ తన బైబిలు సంచిలో వేసుకుని ఎవరికీ వందనం చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు లేచారు. యేసురత్నం ఇంటికి వచ్చే దారంతా బస్సు కిటికీలోంచి బయటకే చూశాడు. తాళం తీస్తూ, ఇక ఎన్నికల్లో నిలబడనని మాత్రం అన్నాడు. కోపమో సిగ్గో ఆ మాటలో తెలియలేదు.

సోమవారం పొద్దున ఆమె మునిర్కా వెళ్ళింది. ఇరుకు సందు, పైన తీగల చిక్కు, ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకి ఆనుకోవాల్సిందే. మేనత్త తలుపు తీసి పక్కకి జరిగింది. రాజీవ్ ఆఫీసుకి వెళ్ళాడు. అనిమా బ్యాంకుకి సెలవు పెట్టి మంచం మీద పడుకుని ఉంది. అత్తగారిని చూసి లేచి కూర్చుంది గానీ కూర్చోమనలేదు. కమిటీలో జరిగింది రాజీవ్ చెప్పాడట. కృపావతి గోడ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఏ మాటతో మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చింది. అవేవీ ఇప్పుడు పనికిరాలేదు.

"నిన్ను ఇంటికి రమ్మని అడగడానికి రాలేదు. నీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడే, రావాలనిపించకపోతే ఇక్కడే. నేను చేసింది తప్పు. అది చెప్పడానికి వచ్చాను."

అనిమా కిటికీ చువ్వల వైపే చూస్తూ మాట్లాడింది. ఆ మాటల్లో ఒక్క హిందీ ముక్క లేదు.

"పూలు చెత్తలో వేశారు. దానికి నాకు కోపం వచ్చింది, అంతే. కోపం పోతుంది. కానీ వాళ్ళు తల నొక్కుతున్నప్పుడు నేను మిమ్మల్ని చూశాను. మీరు వస్తారని అనుకున్నాను. నన్ను బయటికి లాగుతారని అనుకున్నాను. మీరు కప్పుల వైపు చూశారు."

భయం వేసిందని కృపావతి అనొచ్చు, సంఘంలో పరువని అనొచ్చు. అవి నిజాలే. కానీ ఆ పిల్ల చూసిన చూపు ముందు నిలబడే నిజాలు కావు. "అవును" అంది. "చూశాను. రాలేదు."

"ఇప్పటికీ ఆ చేతులు తల మీద ఉన్నట్టే ఉంది మమ్మీ. నిద్ర పట్టదు. దువ్వెన పెట్టాలంటే కూడా భయం వేస్తోంది." ఆ మాట అంటూనే అనిమా మొహం ముడుచుకుపోయింది. ఏడవకూడదని బిగించుకున్న పెదవులు ఆగలేదు.

కృపావతి లేచి దగ్గరికి వెళ్ళింది. ముట్టుకోబోయి ఆగిపోయింది. నన్ను ముట్టుకోవద్దని ఆ పిల్ల అన్న మాట తనకీ వర్తిస్తుందని గుర్తొచ్చింది. చేతులు వెనక్కి తీసుకుని, అడగడం చేతకాని మనిషిలా అడిగింది.

"నీకిష్టమైతే... తలంటి పోయనా?"

అనిమా వెంటనే ఒప్పుకోలేదు. చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది, నేలకేసి చూసింది, పక్కగదిలో మేనత్త గిన్నెలు సర్దుతున్న చప్పుడు విన్నది. తర్వాత మెల్లగా లేచి స్నానాలగదిలోకి వెళ్ళి, చిన్న పీట మీద కూర్చుని జడ విప్పింది. వీపు కృపావతి వైపు తిప్పింది.

మునిర్కాలో పొద్దున వచ్చే నీళ్ళు అప్పటికి ఆగిపోయాయి. మేనత్త అడక్కుండానే బకెట్ నిండా వేడినీళ్ళు తోడి తెచ్చిపెట్టి, కొబ్బరినూనె సీసా పక్కన ఉంచి వెళ్ళింది. కృపావతి నూనె అరచేతిలో వేసుకుని ఇంకోసారి అడిగింది, పెట్టనా అని. పెట్టండి అంది అనిమా. నడినెత్తిన వేళ్ళు ఆనగానే ఆ పిల్ల భుజాలు బిగుసుకున్నాయి. కృపావతి ఆగింది. బిగువు సడలేదాకా ఆగి, అప్పుడు మెల్లగా మాడు మీద, చెవుల వెనక, మెడ దాకా మర్దన చేసింది. కుంకుడు పులుసు లేదు, ఇంట్లో ఉన్న షాంపూతోనే రుద్దింది. చెంబుతో వేడినీళ్ళు పోస్తుంటే ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ ఆ జుట్టులోనే కలిసిపోయాయి.

"ఏడుస్తున్నారా?" అంది అనిమా తల వంచుకునే.

"లేదు" అంది కృపావతి, ఏడుస్తూనే.

అనిమా చేయి వెనక్కి చాపి తడుముకుంటూ అత్తగారి మణికట్టు పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉంచుకుంది. "ఇంకో చెంబు పోయండి" అంది.